‘చికెనే తిన్నం మేడం’: ఒక పురుగు జాడ వెతికిన అనుభవం

పానీపూరీ తిన్న రాత్రే వాంతులు పట్టుకుంటే ఏ బండి దగ్గర తిన్నారో చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. ట్రైకినెల్లా పురుగుతో అలా కుదరదు. సరిగా ఉడకని మాంసంలోంచి అది మన ఒంట్లోకి దూరాక అసలు జబ్బు తేలడానికి మామూలుగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి నెల దాటి కూడా పడుతుంది. మనిషి ఆసుపత్రి మెట్లెక్కే వేళకు గిన్నెలు తోమేసి ఉంటారు, బొగ్గులు పారబోసి ఉంటారు, ఎముకలు వీధికుక్కలు లాక్కుపోయి ఉంటాయి. ఇక మిగిలేది తిన్నవాళ్ల జ్ఞాపకం. కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేసే రోజుల్లో నేను అలాంటి జ్ఞాపకాల వెంటపడి హైదరాబాద్ అంతా తిరిగాను. మా పాఠ్యపుస్తకంలో ఔట్‌బ్రేక్ ఇన్వెస్టిగేషన్, అంటే గుంపుగా వచ్చిన జబ్బు మూలం వెతకడం, వరసగా మెట్లు కట్టి ఉంటుంది: జబ్బు నిర్ధారించు, ఎవరిని రోగి అనాలో కేసు నిర్వచనం రాయి, కేసులు వెతుకు, పట్టిక వెయ్యి, ఊహ చెయ్యి, ఊహ నిజమో కాదో తేల్చు. జనం అబద్ధం చెబితే ఏ మెట్టు మీద నిలబడాలో మాత్రం అందులో లేదు.

కబురు ఉప్పల్ వైపు ప్రాక్టీసు చేసే ఒక ఫిజీషియన్ నుంచి వచ్చింది. సంక్రాంతి వెళ్లిన వారం. ఆయన దగ్గరికి ఇద్దరు మగవాళ్లు వచ్చారు, ఇద్దరూ ముప్పై అయిదు దాటినవాళ్లే. జ్వరం, పిక్కలూ భుజాలూ పట్టేసినట్టు నొప్పి, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు. ఒకతనికి కిడ్నీలేమో అనుకుని మూత్రపరీక్ష చేయిస్తే ప్రొటీన్ పోవడం లేదు. రెండో అతనికి అంతకుముందే వేరే ఆసుపత్రిలో టైఫాయిడ్ అని చెప్పి ఇంజెక్షన్లు ఎక్కించారు. వైడాల్ పరీక్ష ఒక్కటి పాజిటివ్ వస్తే చాలు, మన ఊళ్లో జ్వరానికి టైఫాయిడ్ అని పేరు పెట్టేస్తారు. ఈ ఫిజీషియన్ మాత్రం సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితం చివరిదాకా చదివాడు. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు మామూలుగా నూటికి ఆరు దాటవు. వీళ్లిద్దరిలోనూ నలభై పైన ఉన్నాయి. డెంగీలో గానీ టైఫాయిడ్‌లో గానీ ఈ కణాలు పెరగవు, తగ్గుతాయి. కండరం దెబ్బతిన్నదని చెప్పే సీపీకే కూడా బాగా పెరిగి ఉంది. ఇద్దరూ వెయిటింగ్ హాల్లో ‘ఒరేయ్’ అంటే ‘ఒరేయ్’ అనుకుంటూ కూర్చున్నారని కాంపౌండర్ చెప్పాడట. ఒకే ఇంజనీరింగ్ కాలేజీ, ఒకే బ్యాచ్.

ఆయన ఫోన్ చెయ్యకపోతే మాకు ఏమీ తెలిసేది కాదు. జిల్లా సర్వైలెన్స్ ఆఫీసులో ఈవెంట్‌గా నమోదైంది, ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్ అన్నారు, మా డిపార్ట్‌మెంట్ నుంచి మా సార్‌నీ నన్నూ కలుపుకున్నారు. సార్‌కు విషయం చెప్పగానే అడిగిన మొదటి మాట: “పంది మాంసం తిన్నారా?”

ఎందుకు అడిగారో నాకు వెంటనే తట్టింది గానీ, జర్మనీ కథ మాత్రం కారులో వెళ్తుండగా సార్ చెప్పిందే. 1860 జనవరిలో డ్రెస్డెన్ ఆసుపత్రికి ఒక పనిమనిషి వచ్చింది. ఇరవై ఏళ్ల అమ్మాయి. టైఫాయిడ్ అన్నారు. చనిపోయింది. శవపరీక్ష చేసిన జెంకర్ ఆమె కండరాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే నిండా ట్రైకినెల్లా పిల్లపురుగులు. అంతకు పాతికేళ్ల ముందే, 1835లో, లండన్‌లో జేమ్స్ పేజెట్ అనే మెడికల్ విద్యార్థి శవం కండరాల్లో ఇసుక పలుకుల్లాంటివి చూసి ఇవేమిటని ఆరా తీశాడు. ఆ పలుకులు కత్తి పదును పోగొడుతున్నాయని మిగతావాళ్లు విసుక్కునేవాళ్లట. కానీ వాటివల్ల మనిషి జబ్బుపడతాడని, చనిపోతాడని చూపించింది జెంకర్. ఆయన అక్కడితో ఆగలేదు. ఆ అమ్మాయి పనిచేసిన ఇంటికి వెళ్లాడు. క్రిస్మస్‌కు ముందు అక్కడ పందిని కోశారు. మిగిలిన హామ్‌లో, సాసేజ్‌లో అవే పురుగులు. ఆ ఇంట్లో మరికొందరికీ జబ్బు చేసింది. “నూట అరవై ఏళ్ల కింద ఆయన చేసిందే ఇప్పుడు మనం చెయ్యాలి. టైఫాయిడ్‌తో సహా,” అన్నారు సార్. మన దేశంలోనూ ఇది బొత్తిగా కొత్త కాదు. ఉత్తరాఖండ్‌లోని టెహ్రీ గఢ్వాల్‌లో విందులో సరిగా ఉడకని పంది మాంసం తిన్నవాళ్లకు గుంపుగా ఇదే జబ్బు వచ్చిన సంగతి వైద్య పత్రికల్లో ఉంది.

కేసు నిర్వచనం రాసుకోవడం తేలికే. యూరప్‌లో వాడే పద్ధతి ముందు పెట్టుకున్నాం: జ్వరం, కండరాల నొప్పి, విరేచనాలు, ముఖం ఉబ్బడం, ఇసినోఫిల్స్ పెరగడం, కంటిలోనో గోళ్ల కిందో రక్తపు చారలు. ఈ ఆరింటిలో మూడు ఉండాలి. దానికి తోడు నలుగురూ కలిసి తిన్న భోజనం ఒకటి తేలాలి. ఆ భోజనం దగ్గరే బండి ఆగిపోయింది.

ఇద్దరూ చెప్పింది ఒకటే. డిసెంబరు ఆఖరు శనివారం చేవెళ్ల రోడ్డులో ఒక ఫామ్‌హౌస్‌లో బ్యాచ్ అంతా కలిశారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. ముప్పై మందికి అటూ ఇటూగా. ఏం తిన్నారంటే: “చికెనే తిన్నం మేడం, చికెనే.”

మిగతావాళ్ల నంబర్లు తీసుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకతను, మియాపూర్‌లో ఒకతను, బోడుప్పల్‌లో, అత్తాపూర్‌లో. ఎవరింటికి వెళ్లినా అదే మాట. చికెనే తిన్నం మేడం, చికెనే. ‘చికెన్’ రెండుసార్లు, మధ్యలో ‘మేడం’. నాలుగో ఇంట్లో వినేసరికి నాకు నవ్వొచ్చింది. ఒక ఇంట్లో మనిషి మంచం దిగలేకపోతున్నాడు, కళ్లు చింతపిక్కల్లా మూసుకుపోయాయి, అయినా ఫోన్ మాత్రం చేతిలో తిరగేసి పెట్టుకున్నాడు. వాట్సాప్ గ్రూప్‌లో ఏమేం మెసేజ్‌లు చెరిపేశారో నాకు తర్వాత తెలిసింది.

వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. తర్వాత తేలింది, ఆ రాత్రి వాళ్లు తిన్నది అడవిపందిని. అడవిపందిని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పంట పాడుచేసే పందులను అనుమతి తీసుకుని చంపే పద్ధతి ఉన్నా, అది విందు చేసుకోవడానికి కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ప్రభుత్వ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. డాక్టర్‌కు చెబితే ఫారెస్టోళ్లకు తెలుస్తుంది, అక్కణ్నుంచి పేపర్లో పడుతుందని వాళ్ల లెక్క. ఇది కాక ఇంటి భయాలు వేరే. ఒకతను ఆ రాత్రి ఆఫీసు పని మీద విజయవాడ వెళ్లానని భార్యకు చెప్పాడు. ఇంకొకతను తల్లి ముందు కూర్చుని, “నేను గుడ్డు కూడా ముట్టను, ఈవిడను అడగండి” అన్నాడు. ఆవిడ గర్వంగా తలూపింది. వెళ్తుంటే గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి, “మేడం, రెండు ముక్కలే” అన్నాడు. ఆ ‘రెండు ముక్కలే’ మాకు దొరికిన మొదటి నిజం.

ఏ ముక్కలు అని అడగబోతే సార్ నా వైపు చూశారు. ఆగిపోయాను. ఆయనే అడిగారు: “చువ్వ మీద కాల్చినయా, కూరలోయా?”

“చువ్వ మీదియి సార్.”

అక్కణ్నుంచి అడిగే తీరే మార్చేశాం. ఆఫీసు ఇచ్చిన ఫారంలో ‘గత నెలలో తిన్న మాంసం రకం’ అని ఒక గడి ఉంది. దాన్ని పక్కన పెట్టాం. ఏ జంతువు, ఎవరు తెచ్చారు, ఎక్కణ్నుంచి అనే మాటలే ఎత్తలేదు. ఏ చువ్వ, ఎన్ని ముక్కలు, ముందు తిన్నారా చివర తిన్నారా, లోపల ఎర్రగా ఉందా, ఇవే. ఇంట్లో హాల్లో కూర్చుని అడగలేదు; మేడ మీదో, సందు చివర టీ కొట్టు దగ్గరో, ఒక్కొక్కరినే. పట్టికలో పేర్లు రాయకుండా నంబర్లు వేసి, ఆ కాగితం వాళ్లకే చూపించాం. సార్ అందరికీ ఒకే ముక్క చెప్పేవారు: “మేం ఫారెస్టోళ్లం కాదు. ఆ పంది ఏ అడవిదైనా మాకు పనిలేదు. దాంట్లో ఉన్న పురుగు ఇప్పుడు మీ ఒంట్లో ఉందా లేదా, అంతవరకే.” ‘పంది’ అన్న మాట ముందు సార్ నోటే వచ్చేది. అది వినగానే అవతలి మనిషి భుజాలు దిగేవి. తను ఒప్పుకోవాల్సిన పని తప్పిపోయింది కదా.

కొందరు దీన్ని తప్పు పడతారు, నేరం తెలిసీ కళ్లు మూసుకున్నారని. నేను ఒప్పుకోను. ఆ వారంలో మాకు కావలసింది మందు అందాల్సినవాళ్ల జాబితా. పోలీసు స్టేషన్‌లా అడిగి ఉంటే ఆ జాబితా సగం ఖాళీగా ఉండేది.

అందరికంటే ఎక్కువ సాయపడింది ఆ రాత్రి పంది ముట్టని మనిషి. టోలీచౌకీలో ఉంటాడు, బ్యాచ్‌లో అతనూ ఒకడు. తనకోసం హోటల్ నుంచి బిర్యానీ పార్సిల్ తెప్పించుకున్నాడు, అందర్నీ ఇళ్ల దగ్గర దింపింది కూడా అతనే. “నేనైతే ముట్టలే మేడం. కానీ తాగలే గదా, అన్నీ యాదున్నయ్” అన్నాడు. ఎక్కడ ఏ పొయ్యి పెట్టారో కాగితం మీద గీసి చూపించాడు. ఒక పక్క పెద్ద డేగిశాలో కూర, సాయంత్రం నుంచి రెండు గంటలు పైగా కుతకుత ఉడికింది, దానికి వంటాయన ఉన్నాడు. రెండో పక్క ఇటుకల మధ్య బొగ్గులు, ఇనుప చువ్వలు. అక్కడ వంటాయన లేడు. బ్యాచ్ వాళ్లే వంతులేసుకుని తిప్పారు. చలి ఎక్కువగా ఉంది, కరెంటు పోయింది, ఫోన్ టార్చి వెలుతురులో కాల్చారు. పైన మాడగానే తీసేశారు. అడవిపంది మాంసం అసలే ముదురు ఎరుపు, ఆ వెలుతురులో లోపల పచ్చిగా ఉందో కాలిందో ఎవరికి తెలుస్తుంది? ఒకరిద్దరు మెత్తగా లేదన్నారట. “నిమ్మకాయ పిండినం, మందు పడుతది, ఏ పురుగైనా చస్తది లే” అని ఇంకొకరు సర్దిచెప్పారట. నిమ్మరసానికీ ఉప్పుకారానికీ విస్కీకీ ఈ పురుగు చావదు. మన కడుపులోని ఆమ్లమే దానికి తలుపు తీస్తుంది. కండరంలో దాన్ని చుట్టి ఉన్న తొడుగు జీర్ణమై, పిల్లపురుగు బయటికొచ్చి చిన్నపేగు గోడలోకి దూరుతుంది.

ఫోటోలు కూడా ఇతనే ఇచ్చాడు. గ్రూప్‌లోంచి చెరిపేసినవి ఇతని ఫోన్‌లో మిగిలాయి. ప్రతి ఫోటోకూ టైము ఉంది. ఎనిమిదిన్నరకు కూర ఇంకా దించలేదు, చేతుల్లో చువ్వలున్నాయి. గుడ్డు కూడా ముట్టనన్న మనిషి ఒక ఫోటోలో రెండు చేతులా చువ్వలు పట్టుకుని నవ్వుతున్నాడు. అతన్ని నేను మళ్లీ ఏమీ అడగలేదు, ‘ఎక్కువ ముక్కలు’ వరసలో చేర్చాను.

ఆడవాళ్లు మధ్యాహ్నం భోజనం చేసి చీకటి పడకముందే వెళ్లిపోయారు. చువ్వలు తినని ఒక గుంపు అలా దొరికింది. కూర మాత్రమే తిన్న మగవాళ్లు కొందరున్నారు. ఇక పట్టిక వేశాం: చువ్వ ముక్క తిన్నవాళ్లు, తిననివాళ్లు, జబ్బు చేసినవాళ్లు, చెయ్యనివాళ్లు. నాలుగు గడులు. తిన్నవాళ్లలో మూడొంతులకు పైగా పడ్డారు. అదే జంతువు మాంసాన్ని కూరగా తిన్నవాళ్లలో ఒక్కరూ పడలేదు. తిననివాళ్ల గడిలో సున్నా ఉండేసరికి రిలేటివ్ రిస్క్, అంటే తిననివాళ్లకంటే తిన్నవాళ్లకు ముప్పు ఎన్ని రెట్లో, లెక్క కట్టబోతే సాఫ్ట్‌వేర్ మొండికేసింది, సున్నాతో భాగించలేను పొమ్మంది. ప్రతి గడిలో అర కలిపి మళ్లీ కట్టమన్నారు సార్. ఆ అరల లెక్క మీద నాకు ఇప్పటికీ పెద్ద గౌరవం లేదు. అక్కడ సున్నా ఉందని చూశాక ఇంకా లెక్క ఎందుకు?

జబ్బు మొదలైన తేదీలను వరసగా గడుల్లో నింపితే ఎనిమిదో రోజు నుంచి గుట్టగా లేచి మూడో వారానికి దిగిపోయింది. ఒకే చోట, ఒకేసారి అంటుకున్నదానికి గీత అలాగే ఉంటుంది. ముందు పడ్డవాళ్లే గట్టిగా పడ్డారు. ఇది ఈ జబ్బు గుణం: ఎంత ఎక్కువ పిల్లపురుగులు లోపలికి పోతే అంత త్వరగా, అంత తీవ్రంగా వస్తుంది. పార్టీ అయిన రెండో రోజున కడుపు చెడిందని చాలామంది చెప్పారు. దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. డిసెంబరు ఆఖర్లో పార్టీ మర్నాడు కడుపు చెడకపోతేనే వింత. నిజానికి ఆ రోజుల్లోనే పురుగులు పేగులో పెద్దవవుతున్నాయి. తర్వాత ఆడపురుగులు వారాల తరబడి పిల్లల్ని వదులుతాయి. అవి రక్తంలో కొట్టుకుపోయి కండరాల్లో ఇల్లు కట్టుకుంటాయి. కళ్ల ఉబ్బు, పిక్కల నొప్పి ఆ ప్రయాణం తాలూకువే.

అందుకే మందుకు తొందర. ఆల్బెండజోల్ పేగులో ఉన్న పురుగు మీద బాగా పనిచేస్తుంది, కండరంలో స్థిరపడ్డదాని మీద అంతగా కాదు. నాలుగు వందల మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రెండు వారాల దాకా. ఇక్కడో వింత అడ్డు వచ్చింది. “బళ్లో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్రేగా మేడం? మా పాప బ్యాగులో ఉంటే ఒకటి మింగేసిన, అయిపోయింది” అన్నాడు ఒకతను. ఫిబ్రవరిలో బడుల్లో ఇచ్చేది అదే మాత్ర నిజమే, కానీ అక్కడ ఒక్కటితో పని అయ్యే పురుగులు వేరు. ఈ మాట ఫోన్‌లో ఎంతమందికి విడమరిచి చెప్పానో. నూనెతోనో నెయ్యితోనో వండిన అన్నం తిన్నాక వేసుకుంటేనే మందు ఒంటికి పడుతుందని చెబితే మాత్రం అందరూ సంతోషంగా విన్నారు.

తీవ్రంగా ఉన్నవాళ్లకు ఫిజీషియన్లు స్టెరాయిడ్లు కలిపారు. అందరికీ ఈసీజీ తీయించాం, ఎందుకంటే ఈ జబ్బులో ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా గుండె వాపుతోనే. ఒకతని ఈసీజీలో తేడా కనిపించి ఆసుపత్రిలో చేర్చారు. చికెనే తిన్నం అన్నవాళ్లలో అతను అందరికంటే గట్టిగా అన్నవాడు. ఆ వార్త గ్రూప్‌లో పడ్డాక మా ఫోన్లు ఆగలేదు. దాక్కున్నవాళ్లే తిరిగి ఫోన్ చేసి ఎన్ని ముక్కలు తిన్నారో లెక్క చెప్పారు. మేం పది రోజులు బతిమాలితే రాని నిజాలు అవి.

మిగిలిన మాంసం సంగతి బోడుప్పల్ నుంచి వచ్చింది. ఒకతను ఆ రాత్రి ఒక పొట్లం ఇంటికి తెచ్చి ఫ్రీజర్‌లో పెట్టాడు, మటన్ అని చెప్పి. తను మంచం పట్టడంతో భార్య దాన్ని వండలేదు. థర్మాకోల్ పెట్టెలో ఐసు పెట్టి, పొట్లం మీద సంతకాలు చేసి, రాజేంద్రనగర్ వైపు ఉన్న ఒక పశువైద్య ల్యాబ్‌కు పట్టుకెళ్లాం. దేశంలో మాంసం మీదే పనిచేసే జాతీయ పరిశోధన సంస్థ మన చెంగిచర్లలో ఉంది, పశువైద్య కళాశాల రాజేంద్రనగర్‌లో ఉంది. అయినా మనుషుల డాక్టర్లం పశువుల డాక్టర్ల గుమ్మం తొక్కేది ఇలాంటి ఆపద వచ్చినప్పుడే.

ఆ ల్యాబ్ మేడమ్ చేసింది నేను పక్కన నిలబడి చూశాను. మామూలుగా ఈ పరీక్షకు పంది డయాఫ్రం, అంటే ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం, నుంచి ముక్క తీస్తారు, పురుగులకు అది ఇష్టమైన చోటు. మా దగ్గర ఉన్నది తొడ కండ కాబట్టి మొత్తం వంద గ్రాములూ దీని నుంచే తీశారు. కొవ్వు, పొరలు తీసేసి మిక్సీలో తిప్పారు. పెద్ద గాజు బీకరులో రెండు లీటర్ల నీళ్లు, నలభై ఆరు నుంచి నలభై ఎనిమిది డిగ్రీల వేడిలో. అందులో పదహారు మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆసిడ్, తర్వాత కడుపులో మాంసాన్ని అరిగించే పెప్సిన్ పొడి పది గ్రాములు, ఆఖర్న మాంసం. అయస్కాంతపు కడ్డీ అడుగున గిరగిరా తిరుగుతుంటే అరగంట. అంటే బీకరులో ఒక కడుపును తయారు చేసినట్టే. గదంతా పులిసిన మాంసపు వాసన. ఆ ద్రవాన్ని సన్నని జల్లెడలోంచి గరాటు లాంటి పొడుగు గాజు సీసాలోకి వడగట్టి మరో అరగంట కదపకుండా ఉంచారు. పురుగులుంటే బరువుకు అడుక్కి దిగుతాయి. కింది కుళాయి తిప్పి నలభై మిల్లీలీటర్లు పట్టారు, మళ్లీ పది నిమిషాలు నిలవబెట్టి పైది వంచేశారు. చివరికి మిగిలిన పది మిల్లీలీటర్లు గళ్లు గీసిన పళ్లెంలో పోసి సూక్ష్మదర్శిని కింద గడి గడీ వెతకడం.

“బతికుంటే చుట్ట చుట్టుకుని ఉంటాయి డాక్టరమ్మా,” అని చెబుతూనే ఆవిడ ఒక గడి దగ్గర ఆగారు. నన్ను చూడమన్నారు. సన్నగా, ఒక మిల్లీమీటరు పొడవు, కామా గుర్తులా వంగి పడి ఉంది. చచ్చింది. ఫ్రీజర్‌లో వారాలపాటు ఉన్నందుకు. పళ్లెం అంతా వెతికితే అలాంటివి ఇంకొన్ని. మైనస్ పదిహేను డిగ్రీల్లో మూడు వారాలుంచితే పంది మాంసంలో ఉండే ట్రైకినెల్లా స్పైరాలిస్ చస్తుంది. చలిప్రాంతాల అడవి జంతువుల్లో ఉండే కొన్ని జాతులు మాత్రం గడ్డకట్టినా బతుకుతాయి, అందుకే ఫ్రీజర్‌ను నమ్ముకోకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు. ఉప్పుతో ఊరేసినా, ఎండబెట్టినా, పొగ పట్టినా అంతే. మాంసం లోపలి దాకా డెబ్భై ఒక్క డిగ్రీలు తగలాలి. మన కూర పులుసులు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. ఈ జబ్బు ఇక్కడ అరుదుగా ఉండటానికి ఒక కారణం మన వంట తీరే అని నా నమ్మకం.

రోగుల రక్తం రెండుసార్లు తీశాం, మధ్యలో కొన్ని వారాలు ఆగి. తొందరపడి ఒకసారే తీస్తే యాంటీబాడీలను వెతికే ఎలైజా పరీక్ష మోసం చేస్తుంది; యాంటీబాడీలు పుట్టడానికి టైము పడుతుంది. మొదటిసారి నెగెటివ్ వచ్చిన ఇద్దరికి రెండోసారి పాజిటివ్ వచ్చింది.

ఇక మాంసం తెచ్చినతను. అతని నంబరు ఎవరూ ఇవ్వలేదు, మేం అడగనూ లేదు. ఒకరోజు ఓపీకి అతనే వచ్చాడు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని. అద్దాలు తీస్తే రెప్పలు ఉబ్బి ఉన్నాయి. “నా మీద కేసైతదా సార్?” అన్నాడు. “ముందు బీపీ చూపించుకో” అన్నారు సార్. అతని ద్వారానే అసలు ఆదుర్దా తెలిసింది: ఆ పంది సగం నగరానికి వచ్చింది, సగం అడవి పక్కన ఊళ్లోనే పంచుకున్నారు. అక్కడి ఆశా కార్యకర్తలతో మామూలు జ్వరాల సర్వేలా ఇంటింటికీ అడిగించాం. ఊళ్లోవాళ్లు కూర వండుకునే తిన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. రెండిళ్లలో మాత్రం పొడుగు తునకలు కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టి దాచుకున్నారు. వాటిని పారెయ్యమంటే ముసలమ్మ ఒప్పుకోలేదట. పెద్ద మంట మీద గంటసేపు ఉడికించి తింటానని మాట ఇచ్చి, ఆశా కార్యకర్త ఎదురుగానే పొయ్యి మీద పెట్టిందట. ఆ ముసలమ్మకు మా కరపత్రం అవసరం లేదు.

కరపత్రం గురించి ఆఫీసులో కాస్త రగడ జరిగింది. ముసాయిదాలో ‘పంది మాంసం తినరాదు’ అని రాశారు. సార్ దాన్ని కొట్టేశారు. దుకాణంలో కొనుక్కుని ఉడికించుకుని తినేవాళ్లను ఎందుకు బెదిరించాలి, వాళ్ల తిండిని ఎందుకు తక్కువ చెయ్యాలి అని ఆయన వాదన. ‘ఏ మాంసమైనా లోపలి దాకా ఉడకాలి’ అని మార్చారు. బద్దెపురుగులకైనా, మేక మాంసంతో వచ్చే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికైనా ఆ ఒక్క మాట సరిపోతుంది.

జాబితాలో చివరి పేరు డాలస్‌లో ఉన్నతనిది. పార్టీ అయిన మూడో రోజే విమానమెక్కాడు. అక్కడ జ్వరమొచ్చి, డాక్టర్లు మలేరియా నుంచి మొదలుపెట్టి అన్నీ వెతుకుతున్నారట. మేం ఒక ఉత్తరం రాసి, ఇసినోఫిల్స్ చూడమని, పంది మాంసం సంగతి చెప్పమని పంపాం. ట్రైకినెల్లోసిస్, అంటే ఈ పురుగు తెచ్చే జబ్బు, అమెరికాలో దేశమంతటా నమోదు చెయ్యాల్సిన జబ్బు కాబట్టి, అక్కడి కౌంటీ ఆరోగ్యశాఖ ఆఫీసరు నాకే ఫోన్ చేసింది. మనకు రాత్రి పదకొండు. ఎంతమంది తిన్నారు, ఎంతమందికి వచ్చింది, మాంసం ఏదైనా మిగిలిందా, గబగబా అడుగుతూ ఫారం నింపుకుంది. మాంసం ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్నకు వాళ్ల ఫారంలో గడులున్నాయట: సూపర్‌మార్కెట్, కసాయి దుకాణం, రెస్టారెంట్, రైతు దగ్గర, వేటాడి తెచ్చింది. నేను జవాబు వెతుక్కుంటుంటే ఆవిడే చెప్పింది, ఆ చివరి గడిలో టిక్కు ఎప్పుడో పడింది, రోగి మొదటి ప్రశ్నకే చెప్పేశాడని.